చేతిఫోను పాట మోటారుకారులో వినుట

ప్రయాణములో పాట మనకు క్రొత్తది కాదు. గోదావరిపై తెరచాప నెత్తిన పడవవాండ్రును, రాత్రివేళ ఎడ్లబండి తోలు రైతులును పాట పాడుకొనుచునే దారి దూరమును మఱచుచుండెడివారు. నేడు ఆ పనిని మోటారుకారులోని స్టీరియో చేయుచున్నది. పాడువాడు బండిలో లేడు. పాట మన జేబులోని చేతిఫోనులో నున్నది. ఆ ఫోనును స్టీరియోతో కలిపినచో పాట బండియంతయు నిండును. ఈ కలయిక ఎట్లు జరుగును? అది ఎన్ని విధములు? పాట ఆగినప్పుడు లోపము నెట్లు కనిపెట్టవలెను? ఈ సంగతులు వేడుకకొఱకు మాత్రమే తెలిసికొనదగినవి కావు. ఇవి తెలియకపోవుటచేత ప్రాణమునకే మోసము రాగలదని ఒక ప్రయాణములో నాకు అనుభవమాయెను.

ఒక వేసవి సెలవులలో మా అక్కయ్య కుటుంబముతో రాజమహేంద్రవరమునుండి భద్రాచలమునకు బయలుదేరితిని. కారు మా బావగారే నడపుచుండిరి. నేను ఆయన ప్రక్కను, అక్కయ్యయు మేనకోడలును వెనుకను కూర్చుంటిమి. గోకవరము, రంపచోడవరము దాటువఱకు ఘంటసాలవారి పాత పాటలు చక్కగా వినవచ్చినవి. మారేడుమిల్లి దాటి కనుమదారి పట్టిన కొంతసేపటికి పాట తెగిపోయెను. "బ్లూటూత్ చెడినది కాబోలు" అనుచు బావగారు ఒక చేత స్టీరింగు పట్టుకొని, రెండవ చేత ఫోను దీసి, దానిని స్టీరియోనుండి విడదీసి మరల కలుపసాగిరి. "బావగారూ, ఫోను నాకిండు" అని నేను అనుచుండగనే మలుపున ఎదురుగా లారీ వచ్చెను. అక్కయ్య కేక వేసినది. బావగారు బ్రేకు త్రొక్కి కారును కొండవైపునకు త్రిప్పిరి. మా కారు అద్దమునకును లారీకిని నడుమ జానెడు ఎడము మాత్రమే మిగిలెను. కొంతసేపు మాలో ఎవ్వరమును మాటలాడలేదు.

కారు ఒక ప్రక్కగా నాపిన పిమ్మట నేను ఫోను చూచితిని. బ్లూటూత్ చెడలేదు. బావగారు దానిని విడదీయకముందు ఫోనునకును స్టీరియోకును గల సంబంధము నిక్షేపముగానే యుండెను. ఆ అడవిలో ఇంటర్నెట్టు సంకేతము అందకపోవుటచేత పాట ఫోనులోనికే రాలేదు. లేని లోపమును సవరింపబోయి మేము నలుగురమును లోయలో పడవలసినవారము. నేనో, బడిలో భౌతికశాస్త్రము చెప్పువాడను. ఈ భేదమును ఒక్కమాఱైనను బావగారికి వివరించియుండలేదు. ఆనాడు చెప్పనిదానిని నేడు విద్యార్థులకు చెప్పుచున్నాను.

పాట నడచు దారి

ఫోనులోని పాట మన చెవి చేరుటకు ఐదు మజిలీలు దాటవలెను. మొదటిది పాట నిలువయుండు చోటు. అది ఫోనులోనే యుండవచ్చును. లేక దూరమున ఏదో నగరములోని కంప్యూటరులో నుండి, ఇంటర్నెట్టు ద్వారా కొంచెము కొంచెముగా ఫోనునకు వచ్చుచుండవచ్చును. రెండవది ఫోను. పాట దానియందు అంకెల రూపమున నుండును. చోటు కలిసివచ్చుటకై ఆ అంకెలను మూటవలె కుదించి కట్టియుంతురు. ఫోను ఆ మూటను విప్పును. మూడవది ఫోనునకును స్టీరియోకును నడుమనుండు వంతెన. అది తీగ కావచ్చును. కంటికి కనబడని తరంగము కావచ్చును. నాలుగవది అంకెలు విద్యుత్ప్రవాహముగా మాఱు చోటు. ఐదవది బలహీనమైన ఆ ప్రవాహమును పెంచు యాంప్లిఫయరును, గాలిని కంపింపజేయు స్పీకరులును.

పాట అంకెలుగా నెట్లు మాఱును? ధ్వని యనగా గాలియొక్క కంపనమని మీరు చదివియున్నారు. సి.డి. పళ్లెములో ఆ కంపనమును సెకనుకు 44,100 మాఱులు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్ల సంఖ్యగా వ్రాయుదురు. కుడి స్పీకరునకు వేఱుగను, ఎడమ స్పీకరునకు వేఱుగను ఈ కొలతలుండును. గుణించి చూచినచో సెకనుకు 14,11,200 బిట్లగును. మీరు కనురెప్ప మూసి తెఱచులోపల ఇన్ని లక్షల గుర్తులలో ఎన్నియో దాటిపోవును.

ఈ ఐదింటిలో ఎక్కడ తెగినను వినువానికి కలుగునది నిశ్శబ్ద మొక్కటే. కావున పాట ఆగినంతమాత్రమున ఏ మజిలీ తెగినదో తెలియదు, ఆలోచించి కనిపెట్టవలెను. మా బావగారు మూడవ మజిలీని అనుమానించిరి. తెగినది మొదటిది.

కొంచెము పూర్వచరిత్ర

కారులో పాట వినిపించు ప్రయత్నము మొదట రేడియోతో సాగినది. అమెరికాలో గాల్విన్ కంపెనీవారు 1930లో 'మోటొరోలా' యను పేర కారులో నమర్చదగిన రేడియోను అమ్మకమునకు తెచ్చిరి. తరువాత ఆ పేరే కంపెనీకి పేరైనది. 1963లో ఫిలిప్స్ కంపెనీవారు చిన్న క్యాసెట్టును లోకమునకు చూపిరి. చిక్కుపడిన టేపును పెన్సిలుతో చుట్టి సరిచేసిన కాలమును మీ తల్లిదండ్రులు ఎఱుగుదురు. 1982లో సి.డి. పళ్లెము అంగళ్లకు వచ్చెను.

క్యాసెట్టును గాని పళ్లెమును గాని స్టీరియో నోటిలో పెట్టినచో చాలును. పాట నిలువయుండుటయు, విప్పబడుటయు, వినబడుటయు ఒక్క యంత్రములోనే జరుగును. ఫోను వచ్చిన తరువాత ఇల్లు ఒకచోటను, గొంతు ఒకచోటను అయినది. పాట ఫోనులో నుండును, వినిపించునది స్టీరియో. ఒకరు చేసిన యంత్రము మఱియొకరు చేసిన యంత్రముతో మాటలాడవలసివచ్చెను. ఆ మాటకు నాలుగు మార్గములు కలవు.

ఎఫ్.ఎం. మార్గము

పాత కారులలో రేడియో తప్ప మఱేమియు నుండకపోవచ్చును. అట్టివానికి ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు అను చిన్న పరికరము కలదు. దానిని సిగరెట్టు లైటరు రంధ్రములో గ్రుచ్చుదురు. అది ఫోనునుండి పాటను గ్రహించి, మిక్కిలి కొద్ది బలముతో రేడియో తరంగముగా ప్రసారము చేయును. అనగా కారులోనే ఒక చిన్న రేడియో స్టేషను వెలసినట్లగును. కారు రేడియోను ఆ పరికరముపై కనబడు సంఖ్యకు త్రిప్పినచో పాట వినబడును.

ఎఫ్.ఎం. ప్రసారములు 87.5 మొదలు 108 మెగాహెర్ట్జ్ వఱకు గల పట్టీలో సాగును. అందు ఏ స్టేషనును లేని ఖాళీ సంఖ్యను ఎన్నుకొనవలెను. పట్టణములలో ఖాళీ దొరకుట కష్టము. ఒక ఊరిలో ఖాళీగానున్న సంఖ్యపై వేఱొక ఊరిలో బలమైన స్టేషను ఉండవచ్చును. అప్పుడు మన పాటలో వారి వార్తలు కలియును. నాలుగు మార్గములలోను ఇది సామాన్యముగా నాసిరకము. కాని వేఱు గతి లేనివారికి ఇదియే గతి.

ఆక్స్ తీగ

కొన్ని స్టీరియోల ముందు 'ఆక్స్' అని వ్రాసిన చిన్న గుండ్రని రంధ్రముండును. దీనిలోనికి 3.5 మిల్లీమీటర్ల లావుగల పిన్ను పోవును. ఆ పిన్నును మీరు శ్రద్ధగా చూచితిరా? దానిపై నల్లని వలయములు కలవు. అవి అలంకారములు కావు. లోహమును భాగములుగా వేఱుచేయు విద్యుద్బంధకములు. రెండు వలయములున్న పిన్నులో మూడు భాగములుండును. కొన ఎడమ స్పీకరునకును, నడిమి భాగము కుడి స్పీకరునకును, మొదటి భాగము రెంటికిని ఉమ్మడిగా ప్రవాహము తిరిగివచ్చుటకును ఉపయోగించును. ఈ పిన్నుయొక్క పెద్దన్న పందొమ్మిదవ శతాబ్దమున టెలిఫోను కచ్చేరీలలో ఒకరి తీగను మఱియొకరి తీగతో కలుపుటకై పుట్టినది.

ఈ మార్గములో అంకెలు ఫోనులోనే విద్యుత్ప్రవాహముగా మాఱి తీగగుండా పోవును. జతచేయు తంతు లేదు. పిన్ను పెట్టి స్టీరియోలో ఆక్స్ అను మీటను నొక్కినచో చాలును. ఫోను శబ్దమును ముప్పాతికవఱకు పెంచి, మిగిలినది స్టీరియోలో సవరించుకొనవలెను. ఫోను శబ్దము మఱీ తగ్గించి స్టీరియోను పెంచినచో పాటతోబాటు బుసబుసయు పెరుగును.

ఒక చిక్కు చెప్పవలెను. ఫోనును కారులోనే ఛార్జి చేయుచు ఆక్స్ తీగతో పాట విన్నప్పుడు ఒక సన్నని కూత వినబడుట కలదు. ఇంజను వేగము పెరిగినకొలది ఆ కూతయు హెచ్చును. ఫోను రెండు తీగలతో కారునకు తగులుకొనుటచేత ప్రవాహము తిరుగుటకు ఒక అదనపు వలయమేర్పడి, కారులో విద్యుత్తును పుట్టించు యంత్రముయొక్క సవ్వడి పాటలోనికి జొరబడును. ఛార్జరును తీసివేసినచో కూత మాయమగును. ఇంకొక మాట: 2016లో ఐఫోను 7 ఈ రంధ్రము లేకయే వచ్చినది, తరువాత అనేక ఫోనులు ఆ దారినే పట్టినవి. అట్టివానికి నడుమ ఒక చిన్న మార్పిడి ముక్క కావలెను.

యు.ఎస్.బి. తీగ

ఈ తీగలో పాట అంకెల రూపముననే స్టీరియోకు పోవును. వానిని ప్రవాహముగా మార్చు పని స్టీరియో చేయును. ఫోనునకు ఛార్జియు ఎక్కును. అయితే కొన్ని చౌకబారు తీగలలో విద్యుత్తును మోయు తంతులు మాత్రమే యుండి, అంకెలను మోయు తంతులుండవు. అట్టి తీగతో ఫోను ఛార్జి అగుచునే యుండును గాని పాట రాదు. అప్పుడు స్టీరియోను నిందింపక తీగను మార్చవలెను. మఱియు కొన్ని స్టీరియోలు పెన్‌డ్రైవులోని పాటలను చదువును గాని ఫోనులోనివానిని చదువలేవు.

2014లో ఆపిల్ కంపెనీవారు కార్‌ప్లే యనియు, గూగుల్ కంపెనీవారు ఆండ్రాయిడ్ ఆటో యనియు రెండు ఏర్పాట్లను ప్రకటించిరి. తగిన కారులో వీనిచే ఫోనులోని పటమును పాటలును కారు తెరపై పెద్ద గుర్తులతో కనబడును. నోటిమాటతోను ఆజ్ఞాపింపవచ్చును.

బ్లూటూత్

నేడు అధికముగా వాడుకలోనున్నది ఈ మార్గమే. దీనికి తీగ లేదు. 1994లో స్వీడను దేశమందలి ఎరిక్సన్ కంపెనీలో దీనికి సంబంధించిన కృషి ఆరంభమైనది. 1998లో ఎరిక్సన్, ఐ.బి.ఎం., ఇంటెల్, నోకియా, తోషిబా కంపెనీలు ఒక సంఘముగా నేర్పడి దీనికి ఉమ్మడి నియమములు చేయ బూనుకొన్నవి. పదవ శతాబ్దమున డెన్మార్కును ఏకము చేసిన హెరాల్డ్ రాజునకు 'నీలిదంతము' అను అర్థమిచ్చు బిరుదు కలదు. వేర్వేరు యంత్రములను ఏకము చేయునది గావున దీనికి ఆయన పేరు పెట్టిరి. ఫోనుపై కనబడు గుర్తు ఆయన పేరుయొక్క మొదటి అక్షరమును, బిరుదుయొక్క మొదటి అక్షరమును ప్రాచీన లిపిలో కలిపి వ్రాసినదే.

బ్లూటూత్ తరంగములు సెకనుకు సుమారు 240 కోట్ల మాఱులు కంపించును. ఇంటిలోని వైఫై పరికరములు అనేకములు ఈ పట్టీలోనే పనిచేయును. ఇందఱి నడుమ మన పాట చెడకుండుట ఎట్లు? బ్లూటూత్ ఆ పట్టీని 79 చిన్న దారులుగా పంచి, సెకనుకు 1,600 మాఱులు ఒక దారినుండి మఱియొక దారికి దుముకును. ఒక దారి మూసికొనిపోయినను తరువాతి క్షణమున వేఱొక దారిలో నుండును. ఏ వరుసలో దుముకవలెనో ఫోనునకును స్టీరియోకును మాత్రమే తెలియును. దారులు మార్చుచు సంకేతము పంపు ఆలోచన అంతకు పూర్వమే కలదు. 1942లో హెడీ లామార్ అను సినిమా నటియు, జార్జి ఆంథీల్ అను సంగీతకర్తయు అమెరికాలో అట్టి పద్ధతికి పేటెంటు పొందిరి. సముద్రములో టార్పీడోను శత్రువు అడ్డుకొనకుండ నడపుట వారి యుద్దేశము. వారు పియానోకున్న 88 మెట్లవలె 88 దారులను ఊహించిరి.

బ్లూటూత్ వంతెన ఇఱుకైనది. అందుచేత పాటను మరల కుదించి పంపవలెను. సామాన్యముగా వాడు పద్ధతిలో మంచి పాటకు సెకనుకు సుమారు 3,28,000 బిట్లు పోవును. ఇది సి.డి. లెక్కలో నాల్గవ వంతుకంటె తక్కువ. మన చెవి పట్టించుకొనని సన్నని వివరములను తగ్గించుటచేత ఇది సాధ్యమగుచున్నది. చక్రముల రొదయు ఇంజను ధ్వనియు ఉన్న కారులో ఈ భేదము చాలమందికి తెలియనే తెలియదు.

కలుపు క్రమము

బండి కదలకముందే ఈ పని ముగింపవలెను. మొదట ఫోనులో బ్లూటూత్ తెఱువవలెను. స్టీరియోలో ఫోను జతచేయు ఏర్పాటును తెఱచి, దానిని ఇతర యంత్రములకు కనబడునట్లు చేయవలెను. ఫోను తెరపై స్టీరియో పేరు కనబడగానే దానిని తాకవలెను. రెండు తెరలపైనను ఆరంకెల సంఖ్య యొకటి కనబడును. అవి రెండును ఒక్కటియే యైనచో అంగీకరింపుడు, వేఱైనచో అంగీకరింపకుడు. పాత స్టీరియోలు 0000 గాని 1234 గాని అడుగుట కలదు. ఇది పరిచయము. ఒకమాఱు పరిచయమైన యంత్రములు ఆ మీదట తమంతట తామే పలుకరించుకొనును. కడపట స్టీరియోలో బ్లూటూత్ మీటను నొక్కి, ఫోనులో పాటను ఆరంభింపవలెను.

లోపమును కనిపెట్టుట

ఇప్పుడు ఐదు మజిలీలను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఇంటర్నెట్టు పాట ఆగినచో, ఫోనులోనే దాచిన పాట నొకదానిని పెట్టి చూడవలెను. అది వినబడినచో వంతెనయు స్టీరియోయు క్షేమము. లోపము మొదటి మజిలీలోనిదే. దాచిన పాటయు వినబడకున్నచో స్టీరియోలో రేడియో పెట్టి చూడవలెను. రేడియో పలికినచో యాంప్లిఫయరును స్పీకరులును క్షేమము, వంతెనను పరీక్షింపవలెను. రేడియోయు పలుకకున్నచో శబ్దపు మీటను, స్పీకరులను చూడవలెను. ఇట్లు రెండు పరీక్షలతో లోపముండు చోటు ఇంచుమించుగా తేలును.

మాటలు స్టీరియోలో వినబడుచు పాట మాత్రము రాకపోవుట కలదు. బ్లూటూత్‌లో ఫోను సంభాషణకు ఒక ఏర్పాటు, పాటకు వేఱొక ఏర్పాటు ఉండును. ఫోనులో స్టీరియో పేరు క్రింద 'మీడియా ఆడియో' అను మీట మూసియున్నదేమో చూచి తెఱువవలెను. స్టీరియో క్రొత్త ఫోనును చేర్చుకొనకున్నచో దాని పట్టిక నిండియుండవచ్చును. పాతపేరు నొకదానిని తొలగింపవలెను. ఎంతకును కుదురనిచో రెండు యంత్రములలోను పరస్పర పరిచయమును తుడిచి, మరల మొదటినుండి కలుపుట మంచిది. బాడుగ కారులో మన ఫోనును కలిపినచో దిగునప్పుడు దాని పేరు తుడిచివేయుట మఱువరాదు. మనము అనుమతించియున్నచో మన బంధుమిత్రుల పేర్లును నంబరులును ఆ యంత్రములో నిలిచిపోవచ్చును.

నడపువాని ధర్మము

గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకనుకు 11 మీటర్లు దాటును. ఫోను తెరను మూడు సెకనులు చూచినవాడు 33 మీటర్లు కన్నులు మూసికొని నడపినవానితో సమానుడు. కనుమదారిలో ఒక మలుపునకును ఇంకొక మలుపునకును నడుమ అంత దూరమైనను ఉండకపోవచ్చును. మోటారు వాహనముల చట్టమును 2019లో సవరించినప్పుడు, బండి నడపుచు ఫోను చేతబట్టి వాడుటను అపాయకరముగా నడపుటలో ఒకటిగా 184వ సెక్షనులో చేర్చిరి. కాని చట్టము మలుపున వచ్చి నిలువదు. మలుపున వచ్చునది లారీయే.

పాట హోరు మితిమీరియుండుటయు తగదు. వెనుకబండి హారనును, అంబులెన్సు కూతను నడపువాడు వినగలిగియుండవలెను.

ఆనాడు భద్రాచలములో రాత్రి మా మేనకోడలు బావగారికి నచ్చిన పాటలు నలువదింటిని ఫోనులోనే దాచినది. నేను బావగారి ప్రక్కను కూర్చుండి ఈ ఐదు మజిలీలను కాగితముపై వ్రాసి చూపితిని. ఆయన అంతయు విని, "ఇంత చిన్న సంగతి ముందే చెప్పరాదా?" అనిరి. నాకు బదులు తోచలేదు. తిరుగు ప్రయాణములో కారు కదలకముందే పాట పెట్టి, ఫోనును వెనుకనున్న మేనకోడలి చేతికిచ్చిరి. అదే కనుమలో ఇంటర్నెట్టు మరల తెగినది. పాట మాత్రము ఆగలేదు. నాటినుండి వారి ఇంట అది నియమమైనది. అక్కయ్య తలుపు వేసికొని "పాట సిద్ధమా?" అని అడిగిన పిమ్మటనే బావగారు తాళము త్రిప్పుదురు.

విద్యార్థులారా! ఈ యంత్రముల మర్మము మీ యింటి పెద్దలకంటె మీకే ఎక్కువగా తెలిసియుండును. తెలిసినదానిని దాచుకొనకుడు. ఈ సెలవులలో మీ కారు ఎక్కడికైన బయలుదేరునప్పుడు, చక్రము కదలకముందే పాటను మీరే కలిపి, ఫోనును మీ చేతనే ఉంచుకొనుడు. నడువ పాట ఆగినచో ఆగనిండు. ఊరు చేరిన తరువాత తక్కినది వినవచ్చును.